కందికట్టె మంట కాడ కవుల సభల ముచ్చట

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. కందికట్టె భగ్గున అంటుకుంటది, మల్ల జల్ది ఆరిపోతది. ఎవరో ఒకరు ఎగదోసుకుంట ఉండాలె. ఈ నాపబండలు జర ఎచ్చబడనియ్యుండ్రి, కూసుంటె నడుముకు మంచిగుంటది.

పొద్దుగాల చిన్న మనుమరాలు అడిగింది, "తాతా, నువ్వు చిన్నగున్నప్పుడు సెలవులకు ఏడికి పోతుంటివి?" అని. కవుల సభలకు పోతుంటి బిడ్డా. నవ్వకుండ్రి. మీరు గోవాకు, ఊటీకి పోయినట్టు, మేము పద్యం వినతందుకు రైలెక్కి పోతుంటిమి. సద్దిమూటల జొన్న రొట్టె, మిరం. తోడుకు మా సారు.

గప్పుడు మనదొక చిన్న దేశం. హైదరాబాద్ సంస్థానమంటె ఉత్త పేరు కాదు. దానికి దాని సిక్కా ఉండె, దాని టపా ఉండె, దాని రైలు ఉండె, దాని రేడియో ఉండె. 7 హాలీ రూపాయలిస్తె 6 కల్దార్ రూపాయలొస్తుండె. నేను పుట్టినప్పుడు మన తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాల ఉండె. 1956ల భాషల తీరు రాష్ట్రాలు పంచినప్పుడు తాండూరు, కొడంగల్ ఇటు వచ్చినయి. అందుకే మన నోట్ల మూడు భాషలు కలిసిపోయినయి. కచేరీల ఉర్దూ, బజార్ల కన్నడం, ఇంట్ల తెలుగు. మా అమ్మ కూరగాయల బేరం ఒక భాషల మొదలువెట్టి ఇంకో భాషల తెంపుతుండె.

నేను చెప్పబోయే ముచ్చట గీ నోటి గురించే.

మా నాయిన ఒక మాట పదే పదే చెప్తుండె. 1921 నవంబర్ల హైదరాబాద్ వివేకవర్ధినిల పెద్ద సభ అయింది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఒకరు మరాఠీల మాట్లాడిన్రు, ఒకరు కన్నడంల మాట్లాడిన్రు, అందరు ఊకున్నరు. ఆలంపల్లి వెంకటరామారావు అని ఒక వకీలు లేచి తెలుగుల మాట్లాడవోతె మాత్రం నవ్వి, గోల చేసి కూసోవెట్టిన్రు. ఆలంపల్లి అనంగనే మన వికారాబాద్ పక్కన ఊరు యాదికొస్తది గదా, అందుకే ఆ ముచ్చట మా నాయిన మనసుల అట్లనే నిలిచింది. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్ల కొందరు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టిన్రు. మాడపాటి హనుమంతరావు దాన్ని ఊరూరికి తీస్కపోయిండు. తొమ్మిదేండ్లకు, 1930ల, జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. చూడుండ్రి, ఒక నవ్వుకు జవాబు చెప్పనీకె ఎంత పెద్ద సభ పుట్టిందో.

ఆ ప్రతాపరెడ్డే నాలుగేండ్లకు ఇంకో పని చేసిండు. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాసిండు. ఈయన కొట్లాటకు పోలే. ఊరూరికి కబురువెట్టి పద్యాలు తెప్పిచ్చి, 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చువేసిండు. 354 మంది కవులు! ఆ పుస్తకం మా సారు ఇంట్ల ఉండె. అట్ట ఊడిపోయి, దారంతోని కట్టి ఉండె. నాకు దాంట్ల పద్యాలు సగం సమజ్ కాకపోతుండె గని, కింద ఊర్ల పేర్లు చదువుకుంట పోతుంటి. ఇన్ని ఊర్లల్ల ఇంతమంది రాసిన్రా అని ఒళ్లు ఝల్లుమంటుండె. నాకు సభల పిచ్చి ఎక్కిచ్చింది ఆ ఊర్ల పేర్లే.

ఇగ ఆంధ్ర సారస్వత పరిషత్తు గురించి చెప్తె తెల్లారుతది. 1943ల పుట్టింది. దాని సొగసేందంటె, పట్నంల కూసోకుండ ఏటేట ఒక ఊరికి పోయి సభ పెడుతుండె. మరుసటేడు ఓరుగల్లు కోటల సభ పెడితె గిట్టనోళ్లు పందిళ్లకు నిప్పు పెట్టిన్రు. అయినా కవి సమ్మేళనం ఆగలే. ఆ సమ్మేళనంల ఉన్న కవి దాశరథియే తర్వాత నిజామాబాద్ జైలుల బొగ్గుతోని గోడల మీద పద్యాలు రాసిండు.

నేను పోయింది అలంపురం సభకు. 1953 జనవరి, సంక్రాంతి ముందర. నాకు పదహారేండ్లు నిండలే. మా సారు, నేను, ఇంకిద్దరు పోరగాండ్లం. తాండూరుల రైలెక్కితె ధారూర్, వికారాబాద్, శంకర్‌పల్లి దాటి సికింద్రాబాద్. మనూరి రైలు లైను 1874ల పడ్డది, మీ తాతకు తాత పుట్టకముందు. ఆడికెళ్లి కాచిగూడకు పోయి కర్నూలు దిక్కు చిన్న లైను బండి పట్టినం. రాత్రంత చలి. కిటికీకి తలుపు లేదు. మా సారు తన శాలువ మా ముగ్గురి మీద కప్పి, తను పద్యాలు చదువుకుంట మేలుకున్నడు. పొద్దుగాల్ల అలంపురం రోడ్ల దిగి, ఎడ్లబండి పట్టుకొని పోయినం.

అలంపురం చూసిన్రా మీరు? తుంగభద్ర ఒడ్డు. నవబ్రహ్మల గుళ్లు, జోగులాంబ. ఏరు దాటితె కర్నూలు, గప్పుడది మద్రాసు రాష్ట్రం. అంటె ఒడ్డుకీడ ఒక రాజ్యం, ఆడ ఒక రాజ్యం, మాట మాత్రం ఒకటే. రెండు ఒడ్డుల కవులు ఒక పందిట్ల కూసున్నరు. గడియారం రామకృష్ణశర్మ ఆ సభలకు ఎంత పాటుపడిండో ఆ దిక్కోళ్లు ఇప్పటికి చెప్తరు. ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చిన్రు. అంత పెద్దమనిషి ఒక తాలూకా ఊరికి, తెలుగు సభకు వచ్చిండంటె జనం నమ్మలేకపోయిన్రు.

నాకు యాదున్నది అది గాదు బిడ్డా. ఆ సభలల్ల కాళోజీ "నా గొడవ" పుస్తకం బయటికొచ్చింది. శ్రీశ్రీ ఆవిష్కరించిండు. నేను అప్పటిదాంక పద్యమంటె గ్రాంథికం అనుకుంటి. అర్థం కాకపోతెనే గొప్పది అనుకుంటి. ఈయన కవిత్వంల మా ఇంట్ల మాటలున్నయి. మా నాయిన కోపానికొచ్చినప్పుడు ఎట్లంటడో అట్లనే ఉన్నది. నేను పక్కకు చూస్తె మా సారు కండ్లు తుడుసుకుంటున్నడు. ఎందుకు సారూ అంటె ఏం చెప్పలే. ఇప్పుడు నాకు సమజయితది. ముప్పై ఏండ్ల కింద నవ్వి కూసోవెట్టిన మాట, ఇయ్యాల పీట మీద కూసున్నది.

మంట ఎగదోయి నాయినా.

ఇగ నా సంగతి. ఆ సభ చూసొచ్చినంక నేను గూడ రాయవట్టిన. బండల కంపెనీల మున్షీగ చేరిన, పగలు లెక్కలు, రాత్రి కవిత్వం. కొన్నేండ్లకు పట్నంల ఒక సభల చదవనీకె పేరు ఇచ్చిన. మన మాటల్ల రాసిన. నాపబండ కొట్టెటోళ్ల మీద రాసిన. రెండు చరణాలు కాంగనే, పెద్దల వరుసలకెళ్లి ఒకాయన, "ఇది తెలుగేనా బాబూ?" అన్నడు. అందరు నవ్విన్రు. నేను కాయితం మడిచి జేబుల పెట్టుకొని దిగొచ్చిన. ఆ మనిషి పేరు నాకు యాదుంది, చెప్ప. పొయినాయన మీద ఎందుకు. గని ఆ రాత్రి రైలుల వస్తుంటె మా నాయిన చెప్పిన వకీలు కథ తనంతల తానే గుండెలకొచ్చింది. ఆయనను నవ్విన్రంటె పక్క భాషోళ్లు. నన్ను నవ్వినోళ్లు మనోళ్లే. ఏది ఎక్కువ నొస్తదో మీరే చెప్పుండ్రి.

నేను సభలు మానుకోలే. మానుకుంటె నవ్వినోడు గెలిసినట్టు.

తెలుగు సభల మనసు ఇరిగిన దినాలల్ల నన్ను నిలవెట్టింది ముషాయిరాలు. మన తాండూరోనికి ఉర్దూ ఎట్లనో వస్తది గదా. చలికాలంల పట్నం పోతె, పొద్దు గూకినంక మొదలైతె అర్ధరాత్రి దాటుతుండె. ముందుగాల చిన్న కవులు, ఆఖరికి ఉస్తాద్‌లు. పాతకాలంల ఎవరి వంతు వస్తె వాళ్ల ముందర దీపం పెడుతుండిరట. షేర్ నచ్చితె "ముకర్రర్, ముకర్రర్" అని జనమంత అరుస్తరు, అంటె మల్లొక్కసారి చదువు అని. కొందరు ఉత్తగ చదువుతరు, కొందరు రాగం తీస్తరు. రిక్షా తొక్కెటోడు, ఇత్తర్లమ్మెటోడు, కాలేజీ ప్రొఫెసరు, ముగ్గురు ఒక్కసారే "వాహ్" అనే జాగ అదొక్కటే. మఖ్దూం మొహియుద్దీన్ పేరు ఇన్నరా? 1908ల అందోల్‌ల పుట్టిండు. అదే, మొదటి మహాసభ అయిన జోగిపేట పక్కదే. కార్మికుల లీడరు, ప్రేమ గజళ్లు రాసినోడు. 1969ల పోయిండు. ఇగ మన దాశరథి గాలిబ్‌ను తెలుగుల పెట్టిండు. ఉర్దూ తెలిసినోడు తెలుగుకు ఎంత మేలు చేస్తడో ఆ పుస్తకం చూస్తె తెలుస్తది. భాషలు పగోళ్లు గావు బిడ్డా, పాలోళ్లు.

ఇది నేను ఉత్తగ అంటలే. మన రైలు వాడి దిక్కు పోతె నావంద్గీ, సేడం, తర్వాత మల్‌ఖేడ్ వస్తది. ఇప్పుడది చిన్న ఊరు, కోట పాడువడ్డది. వెయ్యేండ్ల కింద రాష్ట్రకూటుల రాజధాని, మాన్యఖేటం. 9వ శతాబ్దంల అమోఘవర్షుని కొలువుల కవిరాజమార్గం పుట్టింది. కన్నడంల మనకు దొరికిన పుస్తకాలల్ల అదే మొదటిది. ఆ రాష్ట్రకూటుల సామంతులే వేములవాడ చాళుక్యులు. వాళ్ల కొలువుల పంప కన్నడ మహాకవి. పంప తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ దిక్కు కుర్క్యాల బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కిచ్చిండు. దాంట్ల సంస్కృతం, కన్నడం, తెలుగు మూడున్నయి. తెలుగు కందపద్యాలు నన్నయ కన్న ముందటివి. ఒక్క బండ మీద మూడు భాషలు! తాండూరోని నోరు గూడ అసుంటి బండనే. నాకీ సంగతి తెలిసిన దినం, "ఇది తెలుగేనా" అన్న మాట గుండెల నుంచి దిగిపోయింది.

2020 ఫిబ్రవరిల కలబురగిల కన్నడ సాహిత్య సమ్మేళనం అయింది. మా దోస్తు ఒకాయనతోని నేను పోయిన, ఎనభై దాటినంక. ఆడ తేరు తీసినట్టు అధ్యక్షున్ని ఊరేగిస్తరు. కవిని ఊరేగిచ్చుడు చూసి కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

నడిమిట్ల 1975 మరిచిన. ఉగాది ఎండలల్ల, ఏప్రిల్ 12 నుంచి వారం దినాలు, లాల్ బహదూర్ స్టేడియంల మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు. శంకరంబాడి సుందరాచారి రాసిన తెలుగుతల్లి పాట టంగుటూరి సూర్యకుమారి పాడింది. మారిషస్, మలేషియా తెలుగోళ్లు వచ్చిన్రు. నాలుగు తరాల కింద పోయినోళ్ల మనుమలు, మాట తడవడుతుంది, అయినా మాట్లాడుతున్నరు. వాళ్లను ఎవరు నవ్వలే. నవ్వొద్దని అందరికి తెలుసు. మనూరోని మాటకు ఆ మర్యాద ఎందుకు దొరకలేదో నేను ఇప్పటికి అడుగుత. తర్వాత సభలు కౌలాలంపూర్‌కు పోయినయి 1981ల, మారిషస్‌కు పోయినయి 1990ల. నేను పోలే, అంత ఖర్చు ఏడిది.

2017 డిసెంబర్ల మల్ల అదే ఎల్బీ స్టేడియం. 15 నుంచి 19 దాంక. ప్రాంగణానికి పాల్కురికి సోమన పేరు పెట్టిన్రు. మన భద్రేశ్వరుని జాతరల బసవన్న పేరు ఇంటరు గదా, ఆ బసవన్న కథను తెలుగు ద్విపదల రాసినాయనే సోమన. తెలంగాణ వచ్చినంక సభ అది. ఒక ఆడపిల్ల, ఇరవై ఏండ్లుంటయో లేవో, మన దిక్కు మాటల్లనే కవిత చదివింది. గట్ల, గిట్ల, ఉండె, లేకుండె, అన్నీ వచ్చినయి. జనం చప్పట్లు కొట్టిన్రు. నేను జేబు తడుముకున్న. ఆ పాత కాయితం జేబుల ఎందుకుంటది, ఎన్నడో పోయింది. అయినా చెయ్యి పోయింది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ఫోన్ల వింటె మాట చెవికి తగుల్తది. సభల కూసుంటె పక్కోని ఊపిరి గూడ మీకు తగుల్తది. కార్తీకంల అనంతగిరి జాతరకు పోయినప్పుడు గుడి మెట్ల కాడ భజన చేసెటోళ్ల దగ్గర ఒక గంట కూసోండ్రి. ఉగాదికి ఎక్కడ కవి సమ్మేళనం ఉన్నా పోండ్రి. సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినదినం, తెలంగాణ భాషా దినం, ఆ దినం బడిల మీరే ఒకటి చదువుండ్రి. మన మాటల్ల చదువుండ్రి. ఎవడన్న నవ్వితె ఆగకుండ్రి, చివరిదాంక చదివే దిగుండ్రి. నేను రెండు చరణాలకే దిగొచ్చిన, అది నా తప్పు.

చలికాలంల పట్నంల పుస్తకాల జాతర పెడుతరు. మీ నాయినకు చెప్పి ఈసారి నాకు గూడ రైలు టికెట్ తీయుండ్రి.