ఆ అరగంట కథ, మా బాపు నిద్ర

ఆదివారం గనుక కొంచెం పొడుగు పోస్టు. నిద్ర వస్తున్నోళ్ళు పండుకోండ్రి, పొద్దున చదవొచ్చు.

పోయిన వారం మా సైటుల తెల్లారుగట్ల మూడింటికి కాంక్రీటు పోత. ఒక తమ్ముడు, మన తెలుగు పిల్లగాడే, నిలబడే తూగిండు. పంపు గొట్టం ఊగి వాని భుజం దాకా వచ్చింది. పక్కనున్న మెక్సికో ఆయన గుంజకపోతే ఏమయ్యేదో. నేను గట్టిగ తిట్టిన. "రాత్రంతా ఫోన్ పట్టుకోని కూసుంటవు, గుడ్లగూబ లెక్క" అన్న. వాడు తల వంచుకోని, "అన్నా, మా అవ్వకు డయాలసిస్ అయిపోయేది మనకు అర్ధరాత్రికే. అప్పుడు మాట్లాడకపోతే ఆమె పండుకుంటది" అన్నడు. నాకు మాట రాలేదు. ఈ నిద్ర లెక్క ఎవరు పెట్టిన్రు అని అప్పటి సంది చదువుకుంటున్న. తెలిసినకాడికి రాస్తున్న.

మన సన్నీవేల్‌కూ ఇండియాకూ ఎండాకాలం పన్నెండున్నర గంటల తేడా. గడియారం అట్లనే ఉంచి, పగటిని రాత్రి అనుకోని అరగంట కలిపితే ఊరి టైం వస్తది. చలికాలం గంటన్నర కలపాలె. ఇది అందరికీ తెలిసిందే. మరి ఆ అరగంట ఎందుకు? అమెరికాకూ లండన్‌కూ పూర్తి గంటల లెక్కనే గదా.

వెనకట ఏ ఊరి టైం ఆ ఊరిదే. పొద్దు నడినెత్తికొస్తే పన్నెండు. రైళ్ళు వచ్చినంక ఇది నడవలేదు. అమెరికాల 1883 నవంబరు 18న రైలు కంపెనీలు అన్నీ కలిసి దేశాన్ని టైం పట్టీలుగ కోసుకున్నయి. గమ్మతేందంటే, సర్కారు చట్టం 1918 దాకా రానేలేదు. అంటే కంపెనీలు పెట్టిన టైంకే జనం ముప్పై అయిదేండ్లు లేచిన్రు, పండుకున్నరు. మన దిక్కు రైళ్ళు మద్రాసు టైంతోని నడిచేటియి. మద్రాసు నక్షత్రశాల లెక్క, గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషాలు ముందు. బొంబాయిది 4 గంటల 51, కలకత్తాది 5 గంటల 53. 1906 జనవరి 1న తెల్లదొరలు దేశమంతటికీ అయిదున్నర గంటలు అని ఒకటే టైం పెట్టిన్రు. ఆ గీత 82.5 డిగ్రీల రేఖ, మన కాకినాడ దగ్గర్లకెళ్ళే పోతది. బొంబాయోళ్ళు మాత్రం ఒప్పుకోలేదు, 1955 దాకా తమ టైం తాము నడుపుకున్నరు. నాకు వాళ్ళంటే ఇష్టం పుట్టింది!

రెండో ప్రపంచ యుద్ధంల 1942 నుంచి 1945 దాకా ఇక్కడా గడియారం గంట ముందుకు తిప్పిన్రు, మన దగ్గరా తిప్పిన్రు. యుద్ధం అయినంక మనోళ్ళు వదిలేసిన్రు. వీళ్ళు మాత్రం ఏటా మార్చిల, నవంబరుల తిప్పుతనే ఉన్నరు. 2018ల కాలిఫోర్నియా జనం దీన్ని మార్చే దారి తెరవమని ఓటు గూడ వేసిన్రు, నూటికి అరవై మంది దాకా. ఇంకా తిప్పుతనే ఉన్నం. ఆ మార్చి సోమవారం సైటు మీద ఎవ్వని మొఖం చూసినా తెలుస్తది.

ఈ సన్నీవేల్ గూడ రైలు కట్ట పక్కన పుట్టిన ఊరే. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోసే రైలు 1864ల వచ్చింది. తర్వాత ఇదంతా పండ్ల తోటలు. లిబ్బీ కంపెనీ పండ్ల డబ్బాల ఫ్యాక్టరీ 1907ల పెట్టింది. పండు మనకోసం ఆగదు గదా, కోత కాలం వస్తే దాని టైమే ఆడోళ్ళకు, మగోళ్ళకు టైం. ఫ్యాక్టరీ పోయింది, నీళ్ళ ట్యాంకు మాత్రం పండ్ల డబ్బా బొమ్మతోని ఇప్పటికీ నిలబడి ఉన్నది, మీరు చూసే ఉంటరు. ఆ తర్వాత మిలిటరోళ్ళ నీలం డబ్బా బిల్డింగు, ఉపగ్రహాలను రాత్రింబవళ్ళు కనిపెట్టుకోని ఉండేది. దాన్ని 2014ల కూలగొట్టిన్రు, నేను వచ్చేసరికి ఖాళీ జాగ.

ఇప్పుడు నా ఊరి సంగతి. జగిత్యాల దిక్కు మాది. నేను పదో తరగతి చదివేటప్పుడు పొలాలకు త్రీ ఫేజ్ కరెంటు వంతుల మీద ఇచ్చేటోళ్ళు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మా బాపు అర్ధరాత్రి లేచి, బ్యాటరీ లైటు పట్టుకోని, చెప్పులు చప్పుడు చేసుకుంట బాయి కాడికి పోయేటోడు. చప్పుడైతే పాము తప్పుకుంటదని. తడి చేతులతోని స్టార్టర్ డబ్బా ముట్టుకోని పోయినోళ్ళు మా దిక్కు ఎంతమందో. 2004 మే 14న రాజశేఖర రెడ్డి గారు ముఖ్యమంత్రి అయిన రోజే ఉచిత కరెంటు మీద సంతకం పెట్టిన్రు. బిల్లు పోయింది గాని రాత్రి పోవుడు పోలేదు. తెలంగాణల 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. బాపుకు అప్పటికి డెబ్బై దగ్గర పడ్డది.

రాత్రి మేలుకునుడంటే అన్నీ కష్టాలే అనుకోకుండ్రి. మా ఊర్ల ఒగ్గు కథ పెడితే తెల్లారేదాకా నడిచేది, శివరాత్రికి వేములవాడ జాగారం చేసేటోళ్ళం. అది మన ఇష్టం మీద మేలుకునుడు. వర్జీనియాల రోజర్ ఎకర్చ్ అని చరిత్ర సారు ఒకాయన 2005ల పుస్తకం తెచ్చిండు. వెనకట యూరప్‌ల జనం రాత్రి రెండు కిస్తుల్లో పండుకునేటోళ్ళట. మొదటి నిద్ర తీసి, నడుమ లేచి ముచ్చట పెట్టుకోని, మళ్ళ రెండో నిద్ర. మా అవ్వ గూడ అట్లనే నడిరాత్రి లేచి తమలపాకు వేసుకునేది. మేము ఆమెకు నిద్ర పట్టని రోగం అనుకున్నం.

2003ల దుబాయ్ పోయిన. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండల పని బంద్ అని రూలు తెచ్చిన్రు. మంచి రూలే. అయితే కాంక్రీటుకు గూడ వేడి పడదు, అందుకే పోతలన్నీ రాత్రికే. క్యాంపుల పన్నెండు మందిమి ఒక రూమ్, ఆరుగురు లేస్తే ఆరుగురు పండుకునుడు. నా మంచం ఎప్పుడూ వేడిగనే ఉండేది.

తర్వాత మా అక్క స్పాన్సర్ మీద 2016ల ఇక్కడికొచ్చిన. పైన ఆఫీసుల్లో కూసునే మనోళ్ళది ఇంకో కథ. ఊరి మీటింగులు వాళ్ళకు రాత్రి తొమ్మిదిన్నరకు, హైదరాబాదుల అప్పుడు పొద్దుగాల పది. వాళ్ళ కండ్లు గూడ ఎర్రగనే ఉంటయి.

2017ల నోబెల్ బహుమతి ముగ్గురు అమెరికా సార్లకు ఇచ్చిన్రు. పండ్ల మీద వాలే చిన్న ఈగ ఒంట్లో గడియారం ఎట్ల నడుస్తదో కనుక్కున్నందుకు. మన ఒంట్లో గూడ అసోంటిదే ఉంటది. కొందరిది పుట్టుకతోనే ఆలస్యంగ నడుస్తది, అది బద్ధకం కాదు. రాత్రి షిఫ్టు క్యాన్సర్‌కు దారి తీయవచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లనే చెప్పింది. నలభై దాటినంక కూసోని ఆలోచిస్తే, నేను రాత్రి మనిషినా పొద్దుటి మనిషినా నాకే తెలియదు. ఏనాడూ నా ఇష్టం మీద లేవలేదు. ఆ పిల్లగాన్ని గుడ్లగూబ అన్న నోరు ఇది.

వానికి డయాలసిస్ రోజులు ఏవో రాసియ్యమన్న. మంగళ, గురు, శని. ఆ తెల్లారి పోత ఉంటే పగటి జట్టుకు మార్చిన. మా పైసారుకు నచ్చలేదు, నడుస్తది.

ఇక మా బాపు. ఇప్పుడు కరెంటు రోజంతా ఉంటది, పొలం కౌలుకిచ్చినం, అవ్వ పోయి మూడేండ్లు. అయినా రాత్రి మూడింటికి లేస్తడు. లేచి నాకు ఫోన్ చేస్తడు. నాకు మధ్యాహ్నం రెండున్నర, చలికాలం అయితే ఒకటిన్నర. పక్కన మిక్సర్ లారీ చప్పుడు, చెవు మూసుకోని మాట్లాడుత. నిన్న అన్న, "ఇంత రాత్రి ఎందుకు లేస్తున్నవ్ బాపూ, పండుకోరాదు" అని.

"కరెంటొచ్చే యాళ్ళయింది గద బిడ్డా" అన్నడు. మళ్ళ తానే నవ్విండు.