తీగ వెంట వచ్చే పిడుగు

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభములు కూడ నేలకూలినవి. చీకటి తరువాత దీపము వెలిగితే అందరికీ సంతోషమే. కాని స్తంభము వంగి, తీగ ముడి వదులైనచోట కరెంటు వచ్చినదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎన్ని వోల్టులతో వచ్చినదన్నది కూడ చూడవలెను.

వజ్రపుకొత్తూరు మండలములోని అక్కుపల్లి సముద్రతీరమున పడక, వంటగది, ఫ్రిజ్ అమర్చిన కారవాన్ బండి ఒకటి నిలిచినదనుకోండి. దానికి కరెంటు పొడవైన కేబులు ద్వారా ఒక స్తంభపు ప్లగ్గు నుండి రావలెను. ఇంటికైతే స్థిరమైన వైరింగు, మీటరు పెట్టె, ఎర్త్ గొయ్యి అండగా ఉండును. ఈ బండికి ఉన్నది చక్రముల రబ్బరు, దాని క్రింద ఇసుక. దీనిని కాపాడే సాధనమును ఎంచుకొనుటకు ముందు, ఆ సాధనము ఎట్లు పుట్టినదో తెలిసికొనుట మంచిది.

1753వ సంవత్సరపు తన పంచాంగములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పిడుగు కడ్డీని వర్ణించి ప్రకటించినాడు. ఆ సంవత్సరముననే సెయింట్ పీటర్స్‌బర్గులో రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు మేఘముల విద్యుత్తును ఇంటిలోనికి తెచ్చే కడ్డీతో ప్రయోగము చేయుచు ప్రాణము కోల్పోయినాడు. ఆ కడ్డీని భూమికి కలపలేదు.

తరువాతి శతాబ్దిలో టెలిగ్రాఫు తీగలు పాకినపుడు కొత్త చిక్కు వచ్చిపడినది. దూరమున మెరిసిన మెరుపు కూడ టెలిగ్రాఫు తీగలో విద్యుత్తును ప్రేరేపించునని 1846లో జోసెఫ్ హెన్రీ వివరించినాడు. పిడుగు ఇంటి మీదనే పడనక్కరలేదు, తీగ వెంట నడచి రాగలదు! 1847లో ఫ్రాన్సులో బ్రెగే, స్టేషను వద్ద సన్నని తీగ ముక్కను అమర్చమన్నాడు. విద్యుత్తు పొంగితే ఆ ముక్క కరిగి యంత్రము మిగులును. నేటి ఫ్యూజుకు అది తాత. రెండు లోహపు పలకలను కొద్ది ఖాళీతో ఎదురెదురుగా ఉంచి, ఒకదానిని తీగకు, రెండవదానిని భూమికి కలిపే పద్ధతి కూడ వచ్చినది. మామూలు వోల్టేజి ఆ ఖాళీని దాటలేదు, పిడుగు దాటును.

అయితే, దీపములకు కరెంటునిచ్చే లైనులో ఒకసారి నిప్పురవ్వ దూకితే, పిడుగు పోయిన తరువాత కూడ లైను కరెంటు ఆ దారినే పారుచుండును. దీనికి విరుగుడుగా ఇరవయ్యవ శతాబ్దిలో సిలికాన్ కార్బైడు దిమ్మెలు వచ్చినవి. వోల్టేజి పెరిగినకొద్దీ వాటి నిరోధము తగ్గును. అసలు మలుపు జపానులో జరిగినది. మత్సుషిత సంస్థకు చెందిన మిచియో మత్సుఓకా, జింకు ఆక్సైడులో బిస్మత్తు ఆక్సైడు మొదలైనవి కొద్దిగా కలిపి కాల్చిన పింగాణిలో ఈ గుణము ఎన్నో రెట్లు తీవ్రముగా ఉండునని 1971లో వెలువడిన పత్రములో వివరించినాడు. అందులోని రేణువుల సరిహద్దు ఒక్కొక్కటి సుమారు 3 వోల్టుల వరకు అడ్డుకొనును. అంతకు మించితే దారి విడుచును. బిళ్ళ మందము పెరిగితే సరిహద్దులు పెరుగును, దారి విడిచే వోల్టేజి కూడ పెరుగును. వారిస్టర్ అనే ఈ బిళ్ళయే నేటి సర్జ్ ప్రొటెక్టరు గుండె.

ఇక ఎంపిక. 230 వోల్టుల కరెంటు శిఖరమున 325 వోల్టులను తాకును. అందుచేత ఇక్కడి లైనులకు 275 లేక 320 వోల్టుల ఏ.సి. అని ముద్రించిన వారిస్టరు తగును. అమెరికాలో కారవాన్ల కోసము అమ్మే 120 వోల్టుల పెట్టెను ఇక్కడ తగిలిస్తే మాడిపోవును. ప్రకటనలలో జౌల్‌ల సంఖ్యను గొప్పగా చెప్పుదురు. అది వారిస్టరు ఎంత శక్తిని మింగగలదో తెలుపును, అంతే.

నిజమైన ప్రమాదము వేరొకటి ఉన్నది. పిడుగు వలని పొంగు సెకనులో అత్యల్ప భాగము మాత్రమే ఉండును. న్యూట్రల్ తీగ ఊడితే వచ్చే పొంగు గంటల తరబడి ఉండవచ్చును. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులుండును. మూడవ ఫేజును కాసేపు మరచిపోయి చూస్తే, న్యూట్రల్ ఊడగానే ఒక ఫేజు మీది ఇల్లు, మరొక ఫేజు మీది బండి ఒకే గొలుసులో పడును. వాటి నిరోధములు 1:3 నిష్పత్తిలో ఉంటే ఇంటికి 100 వోల్టులు, బండికి 300 వోల్టులు. తక్కువ కరెంటు వాడేవారికే ఎక్కువ వోల్టులు! దీనిని వారిస్టరు ఆపలేదు. తన పరిమితి దాటితే తానే వేడెక్కి మాడును, ఒక్కొక్కసారి మండును. కనుక, వోల్టేజి హద్దు మీరగానే లైనును తెంచి, అది కుదుటపడిన తరువాత తిరిగి కలిపే పరికరము కూడ బండిలో ఉండవలెను. రెండింటిలో ఒక్కటే కొనగలిగితే ఇదే మేలు.

ఉద్దానపు ఇసుక మరొక చిక్కు. ఎండిన ఇసుక విద్యుత్తుకు సులభముగా దారి ఇవ్వదు. స్తంభము వద్ద ఎర్త్ కడ్డీ తడి పొర దాకా దిగవలెను. గోతిలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయు పాత అలవాటు ఇందుకే. ఎర్త్ సరిగా లేకపోతే, పొంగును భూమికి మళ్ళించవలసిన వారిస్టరుకు దారి మూసుకొనిపోవును.

నేరుగా పడే పిడుగుకు ప్లగ్గుకు తగిలించే ఏ పెట్టెయు చాలదు. ఆకాశము నల్లబడగానే కేబులును ఊడదీయవలెను. ఉరుములు మొదలైన తరువాత తడి ఇసుకలో నిలిచి దానిని ముట్టుకొనరాదు.