చెలకలో నిలిచిన విత్తనం



నేడు 'సిరిధాన్యాలు' అన్న పేరుతో అంగళ్లలో అమ్ముతున్న కొర్రలు, సామలు, అరికలు మనకు కొత్తవి కావు. మన పూర్వులు తరతరాలుగా తిని బ్రతికిన తిండి అది. అది మన కంచం నుండి ఎలా తొలగిందో, విత్తనం ఎవరి చేతిలో మిగిలిందో తెలుసుకోవడం అవసరం.

కొర్ర ఉత్తర చైనాలోనూ, రాగి, జొన్న ఆఫ్రికాలోనూ తొలుత సాగైన పంటలు. అండుకొర్ర మాత్రం మన దక్షిణాపథానిదే. సుమారు నాలుగు వేల ఏళ్లనాటి నవీన శిలాయుగపు పల్లెల్లో ఉలవలు, పెసలతో పాటు దాని గింజలు కూడా లభించాయి.

వరి అన్నం మీద మోజు కూడా పాతదే. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుని పేర నేటికీ వినిపిస్తాయి. వరి కలిగినవారి తిండి, జొన్న లేనివారి తిండి అన్న భావం అలా స్థిరపడింది. చిరుధాన్యాల పొట్టు తీయడానికి రోటి వద్ద స్త్రీలు పడే శ్రమ తక్కువది కాదు; వరికి మాత్రం ఊరూరా మరలు వచ్చాయి. హరిత విప్లవం వరి, గోధుమలకు పెద్దపీట వేసింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. అది ఎందరి ఆకలినో తీర్చింది, కాదనలేము. అయితే చెలకల్లో చిరుధాన్యాలు పండించవలసిన అవసరమూ దానితో తగ్గింది.

అదే 1983లో జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. అందులోని దళిత మహిళలు తమ కొద్దిపాటి ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, సామలను కంది వంటి పప్పుధాన్యాలతో కలిపి విత్తారు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచారు, ఇరుగుపొరుగుకు బదులిచ్చారు. 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి లభించింది.

వైద్యునిగా ఒక మాట. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది; బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూఇటూ మాత్రమే. అయినా చిరుధాన్యాలు మందులు కావు. వాటిలోనూ పిండిపదార్థమే అధికం. మధుమేహులు కొలత పాటించాలి, మందులు మానరాదు. థైరాయిడ్ సమస్య గలవారు సజ్జలను నిత్యాహారంగా తీసుకునే ముందు వైద్యుని సంప్రదించాలి. తెల్లగా పాలిష్ పట్టిన కొర్రలు కొంటే పీచు మరలోనే పోతుంది.

చివరిగా ఒక్క సంగతి. విత్తనం ఎన్నటికీ చెడని నిధి కాదు. కొన్నేళ్లు విత్తకుండా ఉంచితే మొలకశక్తి నశిస్తుంది. మనం నేడు పాత ధాన్యాన్ని 'తిరిగి కనుగొన్నాము' అంటున్నామంటే, ఎవరూ మెచ్చుకోని కాలంలో కూడా కొందరు ఏటేటా విత్తడం మానలేదన్నమాట. వీలైతే అటువంటి రైతు వద్దనే, పొట్టు మాత్రమే తీసిన ధాన్యాన్ని కొనండి. వారానికి రెండు పూటలతో మొదలుపెట్టండి. మీరు తింటేనే వారు మళ్లీ విత్తుతారు.