గోటిరంగు, వేలికొన ఆక్సిజన్ కొలత

గోటికి పూసిన రంగు, వేలికొనకు తగిలించు పల్స్ ఆక్సీమీటరు చూపు అంకెను కొంత మార్చగలదు. ఆ మార్పు ఎంతయనునది రంగునుబట్టియు, పూత దట్టమునుబట్టియు ఉండును. ఈ సాధనమునకు మూలసూత్రమును 1970ల ఆరంభమున కనుగొనిన జపానీయుడు తకువో అవొయాగి, అది మన ఇండ్లలో థర్మామీటరు ప్రక్కన చోటు సంపాదించుకొనుచున్న 2020 ఏప్రిల్‌లోనే కాలధర్మము నొందెను.

బట్టల క్లిప్పును పోలిన ఆ పరికరపు పైదవడనుండి సుమారు 660 నానోమీటర్ల ఎఱ్ఱని కాంతియు, 940 నానోమీటర్ల పరారుణ కాంతియు గోటిగుండ దిగి, క్రిందిదవడలోని గ్రాహకమును చేరును. ఆక్సిజన్ కోల్పోయిన హీమోగ్లోబిన్ ఎఱుపును, దానితో కూడినది పరారుణమును అధికముగ పీల్చుకొనును. నాడి కొట్టినప్పుడెల్ల కలుగు స్వల్పమైన హెచ్చుతగ్గులే లెక్కకు వచ్చును గనుక, కదలని ఎముక, చర్మము, గోరువలెనే గోటిరంగును లెక్కకు రాగూడదు. తర్కము ఇంతవఱకు నిర్దుష్టమే. కాని దట్టమైన పూతచే వెలుతురు మిక్కిలి క్షీణించినపుడు నాడీస్పందనము అనవసర సంకేతములలో మునిగిపోవును. రెండు కాంతుల హెచ్చుతగ్గులును సమానముగ కనబడినచో యంత్రము 85 శాతమునకు చేరువగ ఏదో అంకె చూపును.

నీలము, ఆకుపచ్చ, నలుపు రంగులు కొలతను తగ్గించునని 1988 నాటి అమెరికా పరిశోధనము తేల్చినది. ఎఱుపు అంతగా బాధింపదు. ఎఱ్ఱని కాంతిని అది అడ్డగింపదు గదా! తరువాతి పరీక్షలు పెక్కింటిలో భేదము ఒకటి రెండు శాతములను మించలేదు. అయినను 94 శాతమును హద్దుగ నెంచుకొను రోగికి ఆ రెండు శాతములే ఆందోళన హేతువు కావచ్చును.

తిరుపతి జిల్లా సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతమున 2008లో రూపొందిన శ్రీసిటీలో, ఫోనుల కర్మాగారములకు పోవు యువతుల వ్రేళ్ళయందు నెయిల్ పాలిష్‌కంటె ఆషాఢపు గోరింటాకే ఈ విషయమునకు ముఖ్యము. సరిహద్దునకు ఆవలి తమిళులు గోరింటాకును మరుదాణి యందురు. దానిలోని లాసోన్ అను రంజకము గోటి కెరాటినుతో పెనవేసుకొనును గనుక అసిటోనుతో తుడిచినను పోదు. నెలకు మూడు మిల్లీమీటర్లు పెరుగు గోటితో మెల్లగ పైకి జరుగుచు, అంచున నెలవంకయై నిలుచును. లేత ఎఱుపున నున్నప్పుడు కొలతకు చిక్కు లేదు. పదేపదే పెట్టి నల్లబడినచోట మాత్రము యంత్రము సంకేతమునే అందుకొనలేకపోవుట కలదు. అప్పుడు క్లిప్పును అడ్డముగ త్రిప్పి వ్రేలి ప్రక్కలను పట్టించుటయో, చెవితమ్మెకు తగిన గ్రాహకమును వాడుటయో చేయుదురు.