కంప్యూటరు ఆటలలో సంఘము పుట్టిన కథ

మనుష్యుడు ఒంటరిగా ఆడుకొనుట అరుదు. గోళీలాటకు ఇద్దరైనను కావలెను. చెడుగుడుకు రెండు జట్లు కావలెను. చదరంగము ఆడువారు ఇద్దరే అయినను, చుట్టు చేరి ఎత్తులు చెప్పువారు పదిమంది ఉందురు. ఆటతోపాటు మరికొన్ని పనులు కూడ జరుగుచుండును: నియమము తప్పినవానిని నిలదీయుట, జట్టులోనికి ఎవరిని తీసికొనవలెనో తేల్చుకొనుట, ఓడినవానిని ఓదార్చుట. ఇదియే సంఘజీవనము. ఒకరి ముఖమొకరు చూడని వేలమంది దూరదేశముల నుండి ఒకే ఆట ఆడినప్పుడు ఈ సంఘజీవనము ఉండునా, లోపించునా? పిల్లవాడు ఫోను పట్టుకొని గదిలో కూర్చున్నప్పుడు తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును కలుగు సందేహము ఇదియే. దీనికి ఊహతో జవాబు చెప్పనక్కరలేదు. సుమారు 50 ఏండ్ల చరిత్ర మన ముందున్నది.

తొలి అడుగులు

1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ మొదలగువారు పాఠములు బోధించుటకై 'ప్లేటో' అను కంప్యూటరు వ్యవస్థను ఆరంభించిరి. క్రమముగా అనేకమైన తెరలు ఒకే పెద్ద కంప్యూటరునకు కలుపబడెను. పాఠముల కొరకు పెట్టిన ఆ తెరలమీదనే 1973లో విద్యార్థులు 'ఎంపైర్' అను అంతరిక్ష యుద్ధక్రీడను ఆడసాగిరి. అదే సంవత్సరమున 'టాకోమాటిక్' అను ఏర్పాటు వచ్చెను. దానితో కొందరు ఒకేమారు టైపు చేయుచు సంభాషించుకొనగలిగిరి. ఆటయు ముచ్చటయు ఒకే యంత్రముపై, ఒకే ఏడాదిలో చోటు చేసికొనుట గమనింపదగినది.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి 'మడ్' అను ఆటను రచించెను. అతని తరువాత రిచర్డ్ బార్టిల్ దానిని పెంపొందించెను. అందు బొమ్మలు లేవు, అంతయు అక్షరములే. అడవి, గుహ, గది అన్నియు వాక్యములలో వర్ణింపబడును. ఆడువాడు చేయదలచిన పనిని టైపు చేయును.

యంత్రము చేయు పనిని ఇక్కడ గ్రహింపవలెను. ఏ గదిలో ఏ వస్తువు ఉన్నది, ఎవరు ఉన్నారు అను జాబితా ఒకే కంప్యూటరులో ఉండును. ఒకడు కత్తి తీసికొన్నచో ఆ జాబితా మారును. ఆ గదిలోని మిగిలినవారి తెరలపై ఆ వార్త కనబడును. కత్తి ఒక్కటే. ఒకరు తీసికొన్నచో మరొకరికి లేదు. లోకము అందరికిని ఉమ్మడి యగుటచే పోటీ పుట్టినది. పోటీనుండి తగాదా, తగాదానుండి ఒప్పందము పుట్టినవి. తరువాతి చరిత్ర అంతయు ఈ చిన్న కారణము యొక్క విస్తరణమే.

హాబిటాట్ పట్టణము

1986లో అమెరికాలో 'హాబిటాట్' అను ఆట పరీక్షార్థము తెరువబడెను. లూకాస్‌ఫిల్మ్ సంస్థలో చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ అనువారు దీనిని నిర్మించిరి. ఇంటిలోని కమోడోర్ 64 కంప్యూటరును టెలిఫోను తీగకు తగిలించి ఇందులో ప్రవేశించుచుండిరి. ప్రతివానికిని తెరమీద ఒక బొమ్మ ఉండును. దానికి నిర్మాతలు పెట్టిన పేరు 'అవతార్'. ఇది మన అవతార శబ్దమే.

నిర్మాతలు ఒక నిధివేటను అనేక వారములు శ్రమించి సిద్ధపరచిరి. అది ఆటగాండ్రకు కొన్ని దినముల పని యగునని తలచిరి. ఒక ఆటగాడు సుమారు 8 గంటలలో దానిని ముగించెను! నిర్మాతలు వేసిన పథకములు ఇట్లు తలక్రిందులగుచుండగా, వారు తలపెట్టని సంగతులు తమంతట తామే జరిగెను. ఈ పట్టణమున తుపాకులు ఉండెను; దొంగతనము సాధ్యమై ఉండెను. తెరమీది హత్య నేరమా, కేవలము ఆటయా అని వాదము చెలరేగెను. ప్రజాభిప్రాయము తీసికొనగా సరిసగముగా చీలిపోయెను. తుదకు పట్టణములో ఆయుధములు పనిచేయకుండునట్లును, వెలుపల పనిచేయునట్లును నిర్మాతలు ఏర్పరచిరి. నిజజీవితమున క్రైస్తవ పురోహితుడైన ఒక ఆటగాడు ఈ పట్టణములో ప్రార్థనామందిరము స్థాపించి, తన అనుచరులు ఆయుధము పట్టరాదని, దొంగిలరాదని శాసించెను. ప్రజలు తమకొక రక్షకాధికారిని ఎన్నుకొనిరి.

పంపకములో న్యాయము

1990ల ద్వితీయార్ధమున ఇంటర్నెట్టు వ్యాప్తితో ఆటగాండ్ర సంఖ్య లక్షలకు చేరెను. 1997లో 'అల్టిమా ఆన్‌లైన్', 1999లో 'ఎవర్‌క్వెస్ట్' వెలువడెను. ఎవర్‌క్వెస్ట్‌లో ఒక పెద్ద డ్రాగనును చంపుటకు పదులకొలది మంది కూడవలెను. కొందరు ముందు నిలిచి దెబ్బలు కాయుదురు, కొందరు గాయములు మాన్పుదురు, కొందరు కొట్టుదురు. అందుచే 'గిల్డు' అనబడు స్థిరమైన జట్లు ఏర్పడెను. కాని డ్రాగను చచ్చిన పిదప దొరకు విలువైన వస్తువులు కొన్నియే. వాటిని ఎవరికి ఈయవలెను?

ఆటలో దీనికి తగిన నియమము లేదు. ఒక గిల్డువారు తామే లెక్క కట్టిరి. పోరునకు వచ్చిన ప్రతివానికి కొన్ని పాయింట్లు. వస్తువు కావలసినవాడు ఆ పాయింట్లను ఖర్చు పెట్టుకొనవలెను. కొన్ని గిల్డులలో మన చీటీపాటవలె వస్తువునకు పాట కూడ పాడిరి. 'డ్రాగన్ కిల్ పాయింట్లు' అను ఈ పద్ధతి ఇతర ఆటలకును ప్రాకెను. దీనిని ఏ ఇంజనీరును వారికి నేర్పలేదు. శ్రమకు తగిన ఫలము అను న్యాయమును వారు తమ అవసరముచేత తామే కనుగొనిరి.

తెరమీది అంటువ్యాధి

2004లో వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో 2005 సెప్టెంబరున ఒక వింత జరిగెను. ఒక గుడిలో హక్కర్ అను సర్పదేవత విసరు మంత్రము తగిలినవాని ప్రాణశక్తి తరుగుచుండును. దాపుననున్నవారికి కూడ అది అంటుకొనును. గుడి దాటి రాకూడదని నిర్మాతల ఉద్దేశము. కాని కొందరి పెంపుడు జంతువులు దానిని పట్టణములకు మోసికొని వచ్చెను. యంత్రమే నడపు దుకాణదారుల బొమ్మలు సోకినను చావవు. కనుక అవి వాహకములయ్యెను. కొత్త ఆటగాండ్రు క్షణములలో కూలిరి. కొందరు పారిపోయిరి, కొందరు వైద్యము చేయుటకు పరుగెత్తి వచ్చిరి, కొందరు వింత చూడవచ్చి వ్యాధి తగిలించుకొనిరి, కొందరు కావలెనని అంటించిరి. యజమానులు విధించిన వేర్పాటు ఫలింపలేదు. తుదకు యంత్రములను ఆపి సరిదిద్దవలసి వచ్చెను.

ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అను శాస్త్రజ్ఞులు దీనిని గూర్చి 2007లో ఒక వైద్య పత్రికలో వ్యాసము ప్రకటించిరి. అంటువ్యాధుల గణితమున మనుష్యుల ప్రవర్తనను లెక్కించుట కష్టము. అట్టి ప్రవర్తన ఇట్టి ఆటలలో కనబడుచున్నదని వారి అభిప్రాయము. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఈ సంఘటన మరల చర్చకు వచ్చెను.

కలిసి ఆడుట, ప్రక్కన ఆడుట

ఆటగాండ్రందరు ఒకే తీరువారు కారు. 1996లో బార్టిల్ వారిని పేకముక్కలవలె నాలుగు తెగలుగా విభజించెను: నిధులు కూర్చు సాధకులు డైమన్లు, లోకమును త్రవ్వి చూచు అన్వేషకులు ఇస్పేట్లు, మాటలకై వచ్చు స్నేహశీలురు ఆటీన్లు, ఇతరులను బాధించువారు కళావర్లు. 2006లో నిక్ యీ సుమారు 3,000 మందిని ప్రశ్నించి, ఒకే మనిషిలో ఈ కోరికలు కలిసియే ఉండగలవని చూపెను. అదే సంవత్సరమున అతడును సహచరులును వార్‌క్రాఫ్ట్‌ను పరిశీలింపగా మరొక విషయము బయటపడెను. చాలమంది చాలకాలము, ముఖ్యముగా తొలి దశలలో, ఒంటరిగానే ఆడుచున్నారు. ఇతరులు వారికి జట్టు కారు. సంతలోని జనమువలె చుట్టు ఉన్నవారు.

కావున తెర యుండుటచేతనే స్నేహము కలుగదు. తెర యుండుటచేతనే నశింపదు. కండరములు క్షీణించు వ్యాధితో 2014లో 25 ఏండ్లకే మరణించిన ఒక నార్వే యువకుడు వార్‌క్రాఫ్ట్‌లో ఇబెలిన్ అను పేరుతో ఆడుచుండెను. కుమారుడు ఒంటరిగా బ్రతికెనని తలిదండ్రులు దుఃఖించిరి. మరణవార్త ప్రకటింపగానే అతని ఓదార్పు, సలహాలు పొందిన గిల్డు మిత్రులు ఉత్తరములు వ్రాసిరి. కొందరు అంత్యక్రియలకు వచ్చిరి. 2024లో అతని జీవితముపై చిత్రము వెలువడెను. మరొక ప్రక్క, ఆటపై అదుపు తప్పి నిత్యజీవితము చెడుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల జాబితాలో చేర్చెను. రెండును నిజములే.

2018 నుండి మన పల్లెలలో సైతము ఫోనులపై పబ్జీ వ్యాపించినది. అది 2020లో నిషేధింపబడెను. మరుసటి ఏడాది వేరు పేరుతో మరల వచ్చెను. అందు నలుగురేసి జట్టుగా మాటలాడుకొనుచు ఆడుదురు. ఉపాధ్యాయులు విద్యార్థిని ఎన్ని గంటలు ఆడితివని అడుగుట అవసరమే. దానితోపాటు ఎవరితో ఆడుచున్నావు, తగాదా వచ్చినచో ఎవరు తీర్చుదురు, ఓడినవానితో ఏమందురు అనియు అడుగవలెను. అతడు జట్టులో నున్నాడో, సంతలో నున్నాడో ఆ జవాబులే తెలుపును.