ట్రాకర్: పేరు చివరి ముక్క

ట్రాకర్ అంటే ఇవాళ చాలామందికి అడుగులు లెక్కపెట్టే చేతి పట్టీ గుర్తొస్తుంది. కంప్యూటర్‌లో పాట కూర్చేవాళ్లకు మాత్రం అది ఒక వాద్యం లాంటిది.

పాత ఫ్రెంచిలో ‘ట్రాక్’ అంటే జాడ. ఇంగ్లీషులో అది దారి అయింది. తర్వాత రికార్డింగ్ టేపు మీద ఒక్కో గొంతుకు, ఒక్కో వాయిద్యానికి విడిగా ఇచ్చే చోటయింది. మన సినిమా పాటల్లో ‘ట్రాక్ పాడటం’ కూడా రికార్డింగ్ గదిలో పుట్టిన మాటే: అసలు గాయకులు వచ్చేలోపు మరొకరు పాడి ఉంచే నమూనా.

1987లో జర్మనీకి చెందిన కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అమిగా కంప్యూటర్ కోసం ‘అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్’ తెచ్చాడు. అమిగా చిప్ ఒకేసారి నాలుగు ధ్వనులు పలుకుతుంది కనుక తెర మీద నాలుగు నిలువు వరుసలు, ఒక్కో పుటకు 64 అడ్డ వరుసలు. గడిలో స్వరం, వాయిద్యం సంఖ్య వేస్తే వంతు రాగానే మోగుతుంది. స్వరాలూ వాయిద్యాల ధ్వనులూ కలిపి పాటంతా ఒక ఫ్లాపీలో ఇమిడిపోయేది.

వ్యాపారంగా అది నిలదొక్కుకోలేదు. వాడినవాళ్ల స్పందన మాత్రం అపూర్వం! వాళ్లు ప్రోగ్రామునే విప్పి, లోపాలు సవరించి, 15 వాయిద్యాల హద్దును 31కి పెంచి, కొత్త పేర్లతో పంచారు. నాయిస్‌ట్రాకర్, ప్రోట్రాకర్ అలా వచ్చినవే. ఫిన్లాండ్‌లో స్క్రీమ్ ట్రాకర్, స్వీడన్‌లో ఫాస్ట్‌ట్రాకర్ పుట్టాయి. ముందు భాగం మారుతూ పోయింది, చివరి ముక్క నిలిచింది. అలా ఒక సరుకు పేరు మొత్తం జాతికే పేరయింది.

ఇప్పుడు ఫోన్‌లో కూడా నడిచే సన్‌వాక్స్ అనే సంగీత ప్రోగ్రామునూ ట్రాకర్ అనే పిలుస్తారు.