మిథ్యాయంత్రానికి చిరునామా: గృహ నెట్‌వర్కు సమస్యల వెనుక ఉన్న చరిత్ర

వ్యాససంగ్రహం:
ఇంటి కంప్యూటరులో నడిచే వర్చువల్ మెషిన్‌కు రూటరు నుంచి నెట్‌వర్కు చిరునామా అందకపోవడం, అందినా బయటివారికి ఆ యంత్రం కనిపించకపోవడం, రెండు యంత్రాలకు ఒకే చిరునామా రావడం సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు. వీటిని అమరికల్లోని పొరపాట్లుగానే చూడటం పరిపాటి. వేర్వేరు కాలాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని అవసరాల కోసం జరిగిన నిర్ణయాలు ఒకే ఇంట్లో ఎదురుపడటమే వీటికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వర్చువల్ మెషిన్, ఐపీ చిరునామా, మ్యాక్ చిరునామా, రూటరు, డీహెచ్‌సీపీ, ఎన్ఏటీ, తెలుగు డీటీపీ ఫైళ్లు.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధకునికి వర్చువల్ మెషిన్‌తో పనేమిటన్న సందేహం సహజమే. యూనికోడ్ తొలి వెర్షన్ (1991) లోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగును చూపగలిగింది. అయినా ఆ తరువాత చాలాకాలం మన డీటీపీ కేంద్రాలు సొంత సంకేతపద్ధతి గల ఫాంట్లతో, పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేర్లతో పుస్తకాలు కూర్చాయి. ఆ ఫైళ్లను యథాతథంగా తెరవాలంటే నాటి విండోస్, నాటి ఫాంట్ డ్రైవర్లు కావాలి. కొత్త కంప్యూటరు లోపల పాత విండోస్‌ను ఒక మిథ్యాయంత్రంగా నడపడం అందుకు అనువైన మార్గం. ఫైలు తెరుచుకుంటుంది. దానిని బయటికి తెచ్చి యూనికోడ్‌లోకి మార్చే దశలో, లోపలి యంత్రానికి నెట్‌వర్కు లేదని తెలుస్తుంది. సంపుటాలకు సంపుటాలు అక్కడే ఆగిపోతాయి. కాబట్టి ఈ చర్చ కంప్యూటరు శాఖకే పరిమితమైనది కాదు.

2. ఇంటిపేరు, ఊరిపేరు

నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ రెండు గుర్తింపులుంటాయి. మొదటిది నెట్‌వర్కు కార్డుకు తయారీలోనే పడే 48 బిట్ల మ్యాక్ సంఖ్య. రెండోది యంత్రం ఏ నెట్‌వర్కులో ఉందో చెప్పే 32 బిట్ల ఐపీ సంఖ్య. మొదటిది యంత్రం ఎవరో చెబుతుంది, రెండోది ఎక్కడుందో చెబుతుంది. ఈ తేడాను స్పష్టంగా వాదించినవారిలో బొంబాయి ఐఐటీలో చదివి జిరాక్స్ సంస్థలో పనిచేసిన యోగేన్ దలాల్ ఒకరు. 1981లో రాబర్ట్ ప్రింటిస్‌తో కలిసి ప్రచురించిన పత్రంలో, యంత్రం ఎక్కడికి మారినా చెరగని సంఖ్య ఉండాలని ఆయన ప్రతిపాదించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 791 ఐపీ సంఖ్యల స్వరూపాన్ని స్థిరపరచింది.

మ్యాక్ సంఖ్యలో మొదటి 24 బిట్లు తయారీదారుకు కేటాయించినవి, మిగిలినవి ఆ కార్డుకు ప్రత్యేకమైనవి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చినట్టే ఇక్కడా వంశం ముందు, వ్యక్తి తరువాత. ఇందులో దాగిన ఊహ ఒకటుంది: కార్డు అంటే ఎవరో ఒకరు కర్మాగారంలో తయారుచేసిన వస్తువు.

మిథ్యాయంత్రానికి కర్మాగారం లేదు. ఐబీఎం కేంబ్రిడ్జ్ కేంద్రంలో 1967 నాటి సీపీ-40తో, 1972లో ప్రకటించిన వీఎం/370తో ఈ భావన రూపుదిద్దుకున్నప్పుడు ఇది సమస్య కాలేదు. నాటి వాడుకరులు టెర్మినల్ ద్వారా పెద్ద యంత్రాన్ని పంచుకున్నారు, ఒక్కొక్కరికి మొత్తం యంత్రం తనదేనన్న భ్రమ కలిగేది. 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఈ భావనను పీసీలోకి తెచ్చాక లోపలి యంత్రానికి లేని కార్డు ఉన్నట్టు చూపాల్సి వచ్చింది, దానికొక ఇంటిపేరూ పెట్టాల్సి వచ్చింది. వర్చువల్‌బాక్స్ యంత్రాల సంఖ్యలు 08:00:27తో మొదలవుతాయి. అది ఒక జర్మన్ సంస్థ పేర నమోదైన సంఖ్య. ఒకరకంగా దత్తత ఇంటిపేరు. క్యూఈఎంయూ వాడే 52:54:00 ఏ తయారీదారుకూ చెందదు, స్థానికంగా పెట్టుకున్న పేరని అందులోని ఒక బిట్టే ఒప్పుకుంటుంది.

3. కౌలు చిరునామా

ఐపీ సంఖ్యను యంత్రమే అడిగి తీసుకునే ఏర్పాటు డిస్కు లేని వర్క్‌స్టేషన్ల కోసం మొదలైంది. 1984 నాటి రార్ప్, 1985 నాటి బూట్‌పీ ముందే రాసిపెట్టిన పట్టికను చూసి సంఖ్యను చెప్పేవి. 1993లో రాల్ఫ్ డ్రోమ్స్ రచించిన డీహెచ్‌సీపీ ప్రమాణం (1997లో ఆర్‌ఎఫ్‌సీ 2131గా సవరితం) దీనికి గడువును చేర్చింది. సంఖ్య సొంతం కాదు, కౌలు. గడువు తీరేలోగా పొడిగించుకోకపోతే అది మరొకరికి పోతుంది. ఇంటి రూటరు చేసే పని ఇదే.

కౌలుదారును గుర్తుపట్టేది ఎలా? పాత పద్ధతిలో మ్యాక్ సంఖ్యను బట్టి. ఒక మిథ్యాయంత్రాన్ని ఫైలులా నకలు తీసి, మ్యాక్ మార్చకుండా రెండింటినీ నడిపితే రూటరు దృష్టిలో అవి ఒక్కరే. అయితే మ్యాక్ మార్చినా ఒకే చిరునామా రావడం కొన్ని కొత్త లినక్సులలో కనిపిస్తుంది. అవి తమను మ్యాక్‌తో కాక, వ్యవస్థను స్థాపించినప్పుడు పుట్టిన యంత్రసంఖ్య నుంచి తయారైన గుర్తుతో పరిచయం చేసుకుంటాయి. నకలులో ఆ సంఖ్య కూడా నకలవుతుంది. ప్రతుల మధ్య సంబంధాన్ని తప్పుల ఆధారంగా నిర్ణయించే పాఠపరిష్కర్తలకు ఈ తర్కం కొత్తది కాదు. రెండు ప్రతుల్లో ఒకే గుర్తు కనిపిస్తే మాతృక ఒక్కటే. పరిష్కారం, నకలులో యంత్రసంఖ్యను మళ్లీ పుట్టించడం.

అడిగినా ఎవరూ పలకకపోతే యంత్రం 169.254తో మొదలయ్యే సంఖ్యను తానే పెట్టుకుంటుంది. విండోస్ 98 నుంచి ఉన్న ఈ అలవాటుకు 2005లో ఆర్‌ఎఫ్‌సీ 3927 ప్రమాణరూపం ఇచ్చింది. ఆ సంఖ్య కనిపించిందంటే కేక వేశాను, జవాబు రాలేదు అని అర్థం.

4. కేరాఫ్ వ్యవస్థ

32 బిట్లతో ఏర్పడే సంఖ్యలు సుమారు 429 కోట్లు. అవి చాలవన్న భయం 1990ల ఆరంభానికే స్పష్టమైంది. 1994 మేలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్‌లు వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 1631 ఎన్ఏటీ పద్ధతిని తాత్కాలిక ఉపశమనంగానే ప్రతిపాదించింది. లోపల ఎందరున్నా బయటికి ఒకే చిరునామా కనిపిస్తుంది. మనం ఉత్తరాలపై కేరాఫ్ అని రాసే పద్ధతే ఇది. లోపలివారు రాసిన ఉత్తరానికి జవాబు వస్తే ఎవరిదో ఇంటివారికి తెలుసు. బయటివారు తమంతట రాస్తే ఎవరికివ్వాలో తెలియదు.

లోపలివారి కోసం 10, 172.16 నుంచి 172.31 వరకు, 192.168 శ్రేణులను విడిచిపెట్టారు (ఆర్‌ఎఫ్‌సీ 1597, 1994, ఆర్‌ఎఫ్‌సీ 1918, 1996). వీటిలో 10 ఒకనాటి ఆర్పానెట్ సొంత సంఖ్య. 1990లో ఆ నెట్‌వర్కు మూతపడటంతో ఖాళీ అయింది. 1994 జులైలోనే ఆర్‌ఎఫ్‌సీ 1627 దీనిని గట్టిగా వ్యతిరేకించింది. ఒక చిరునామా లోకంలో ఒకరిదే అన్న సూత్రం పోతే ఇంటర్నెట్టు మూలస్వభావమే దెబ్బతింటుందన్నది దాని వాదన. వారు ఓడిపోయారు గానీ, వారి భయం నిరాధారమైనదని చెప్పలేం.

వర్చువల్‌బాక్స్ ఎన్ఏటీ అమరికలో లోపలి యంత్రానికి మామూలుగా 10.0.2.15 వస్తుంది. పక్కన మరో యంత్రం నడిపినా దానికీ 10.0.2.15 రావచ్చు, ఎందుకంటే ఒక్కొక్కదానికి విడిగా కేరాఫ్ ఉంది. రూటరు ఆ యంత్రాన్ని ఎన్నడూ చూడలేదు. రూటరు జాబితాలో వెతికి కనిపించలేదని బాధపడేవారు ఈ సంగతి గమనించాలి. మన ఇళ్లలో ఇంకో పొర కూడా ఉండవచ్చు. ఆసియా-పసిఫిక్ సంస్థ ఏపీనిక్ 2011 ఏప్రిల్ 15 నాటికి చివరి భాగానికి చేరింది. 2012లో 100.64 నుంచి 100.127 వరకు గల శ్రేణిని సేవాసంస్థల ఎన్ఏటీకి కేటాయించారు. రూటరుకు బయటివైపు అటువంటి సంఖ్య ఉంటే, ఇంట్లో ఎంత చక్కగా అమర్చినా ఆ పాఠ్యభాండాగారం బయటివారికి ఐపీవీ4లో నేరుగా కనిపించదు.

5. వైఫై చిక్కు

రూటరుకు నేరుగా కనిపించాలంటే బ్రిడ్జ్ అమరిక కావాలి. తీగ మీద అది సాఫీగా సాగుతుంది. వైఫై మీద తరచు విఫలమవుతుంది. 1997 నాటి 802.11 ప్రమాణంలో కంప్యూటరు నుంచి యాక్సెస్ పాయింటుకు వెళ్లే ఫ్రేములో మూడు చిరునామాలే ఉంటాయి. పంపే రేడియో, మూల యంత్రం ఒక్కటేనన్నది అందులోని భావన. ఒక రేడియో వెనుక రెండో యంత్రం ఉండవచ్చన్న ఊహకు అక్కడ చోటు లేదు. అందుకే వర్చువల్‌బాక్స్ బయటికి వెళ్లే ప్రతి ఫ్రేముపైనా లోపలి యంత్రం మ్యాక్ చెరిపి ఆతిథేయ యంత్రం మ్యాక్ రాస్తుంది. వైఫైలో పనిచేయని బ్రిడ్జ్ తీగ తగిలించగానే పనిచేస్తే, తప్పు అమరికది కాదని తేలుతుంది.

పాత తెలుగు ఫైళ్ల విషయంలో మాత్రం బ్రిడ్జ్ కోసం పట్టుబట్టడం అనవసరమని నా అభిప్రాయం. విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. దానిని ఇంటి నెట్‌వర్కులోకి నేరుగా వదలడం క్షేమం కాదు. హోస్ట్-ఓన్లీ అమరికలో 192.168.56 శ్రేణిలో ఆతిథేయ యంత్రంతో మాత్రమే అది మాట్లాడుతుంది. ఫైళ్లు బయటికి రావడానికి ఆ ఒక్క దారి చాలు.